మూడో కాయిల్‌కు కారణం లేదు

సృష్టిలో కారణం లేకుండా ఏ కార్యమూ జరగదని మన పెద్దలు చెప్పారు. ఆ కారణం రాయడానికి ఫారంలో గడి లేకపోతే మాత్రం జరుగుతుందని అశ్వమేధ మోటార్స్ వారి సేవా నియమావళి చెబుతోంది. పెద్దల కాలంలో ఫారాలు లేవు గనుక ఈ రెండో సంగతి వారి దృష్టికి వచ్చి ఉండదు.

దేవరకొండలో ఉండే దయాకర్‌కు నియమావళులంటే భక్తి. ఒకానొక సర్కారు ఆఫీసులో పదిహేడేళ్లుగా కిటికీ వెనుక కూర్చుని, "దీనికి గడి లేదు, మల్ల రాండ్రి" అని ఎందరినో మర్యాదగా వెనక్కి పంపినవాడు. చేనేత కుటుంబంలో పుట్టాడు. శనివారాలు ఒంటిపూట ఉంటాడు. నలభై నాలుగేళ్ల దాకా స్కూటర్ తప్ప ఎరగడు. అలాంటివాడు ఒకనాడు అశ్వమేధ వారి షోరూంలో ఎర్రరంగు తురగ టర్బో కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నూట యాభై గుర్రాల బలమట. (దేవరకొండ నుంచి ఏ దిక్కుకు పోయినా మొదటి కిలోమీటరులోనే తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు, వేళను బట్టి రెండు గొర్రెల మందలు ఉంటాయి. గుర్రాలకు అక్కడ పెద్దగా పని పడదు.)

"నూట యాభై గుర్రాలా!" అంది తల్లి లక్ష్మీనర్సమ్మ, బండి చుట్టూ ఒకసారి తిరిగి. "గవన్నీ యాడ కట్టేస్తవురా?"

లక్ష్మీనర్సమ్మకు కళ్లలో నీటికాసులు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తోందని, పోయినంత మేర ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఎదురుగా ఉన్నది మాత్రం ఇప్పటికీ పోగు పోగూ లెక్కపెట్టగలదు. ఆ మిగిలిన చూపుతోనే ఏడు నెలలు మగ్గం మీద కూర్చుని ఎర్ర పట్టుచీర ఒకటి నేసింది. ఆకుపచ్చ అంచు.

"ఇది ఆలంపూర్ జోగులాంబ తల్లికి. తల్లి కట్టుకుంటే నా కండ్లతోని సూడాలె. చూపు పోయినంక పోతే ఏం లాభం?"

"మన కార్ల పోదాం అమ్మా. పొద్దుగాల బయలెల్తే మధ్యాహ్నం పూజకు అందుకుంటం," అన్నాడు దయాకర్. మాట ఇచ్చినవాడు కొడుకు. ఆ మాట నిలబెట్టవలసింది మాత్రం బండి.

మొదటి శుక్రవారం డిండి దాటగానే తురగ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. స్టీరింగ్ వెనుక ఇంజన్ ఆకారంలో ఒక పసుపుపచ్చ దీపం వెలిగింది.

"దీపం వెలిగింది గద కొడ్కా, శుభమే," అంది లక్ష్మీనర్సమ్మ. అంతలో బండి ఆగిపోయింది.

ఆగిన బండిని లారీ మీద మహబూబ్‌నగర్‌లోని అశ్వమేధ సేవా కేంద్రానికి చేర్చారు. అక్కడ రాజేశ్ అనే ఉద్యోగి ఎదురొచ్చాడు. చొక్కా మీది బిళ్ల ప్రకారం అతడు 'ప్రాథమిక రోగనిర్ధారణ మరియు చిరునవ్వు అధికారి'. ల్యాప్‌టాప్ తీగను బండికి గుచ్చి, చిరునవ్వుతో ప్రకటించాడు.

"మూడో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ పోయింది సార్. ఇంజన్ల నాలుగు పొయిలుంటయ్ అనుకోండి. ఒక్కో పొయికి నిప్పంటిచ్చే డబ్బా ఒకటి. గండ్ల మూడోది అంటుకుంటలేదు."

"ఎందుకు పోయింది?"

రాజేశ్ ల్యాప్‌టాప్‌లో కిందికీ పైకీ వెతికాడు. "ఎందుకు అనే గడి లేదు సార్. ఏం పోయింది అని ఉంది, ఏం మార్చినం అని ఉంది, కస్టమర్ నవ్విండా లేదా అని ఉంది."

దయాకర్‌కు ఈ జవాబు ఎక్కడో విన్నట్టే అనిపించింది. అందుకే చూపిన చోట సంతకం పెట్టాడు.

కొత్త కాయిల్ వేశారు. తరువాత 'పునఃప్రారంభ సంతోష కార్యక్రమం' జరిగింది. దీని చరిత్ర కొంత చెప్పవలసి ఉంది. పూర్వం బాగైన బండికి చక్రం ముందు నేల మీద కొబ్బరికాయ కొట్టి పంపేవారు. అయితే ఆ ఫొటోలో కాయ కనబడితే మార్చిన సామాను కనబడేది కాదు. సామాను కనబడితే కస్టమర్ ముఖం కనబడేది కాదు. కస్టమర్ సంతోష విభాగం దీని మీద పదకొండు నెలలు ఆలోచించి పద్నాలుగో నియమం చేసింది. దాని ప్రకారం బానెట్ ఎత్తాలి. ఇంజన్ మీది మూత తీయాలి. మార్చిన సామానుకు సరిగ్గా పైన, జానెడు ఎత్తులో కాయ కొట్టాలి. నీళ్లు చిమ్ముతుండగా కస్టమర్ నవ్వాలి. ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. పెట్టనిదే జాబ్‌కార్డు మూతపడదు, జాబ్‌కార్డు మూతపడనిదే గేటు తెరుచుకోదు. (బండి కొన్న రోజున కూడా ఈ కార్యక్రమమే జరిగింది. ఆ రోజు మార్చిన సామానేదీ లేదు గనుక కాయ ఇంజన్ నడుమ కొట్టారు, దయాకర్ ఎవరూ అడగకుండానే నవ్వాడు.)

రాజేశ్ కాయ కొట్టాడు. నీళ్లు ధారగా ఇంజన్‌లోకి దిగాయి. దయాకర్ ఫొటోకు నవ్వి, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

రెండో శుక్రవారం బండి కల్వకుర్తిలో ఆగింది. మూడో కాయిల్. మార్చారు, కాయ కొట్టారు, దయాకర్ నవ్వాడు. మూడో శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో ఆగింది. మళ్లీ మూడో కాయిల్. మళ్లీ కాయ.

"ప్రతిసారీ కొంత కొంత ముందుకే పోతున్రు సార్," అన్నాడు రాజేశ్ ఓదార్పుగా. "మా రికార్డుల దీన్ని పురోగతి అంటరు."

నాలుగో శుక్రవారానికి ఇంకా రెండు రోజులుండగా, ఇంటి ముందు నిలిపిన బండి స్టార్ట్ కానేలేదు. ఆ సంగతి పురోగతి కిందికి వస్తుందో రాదో అడుగుదామని దయాకర్ ఫోన్ తీశాడు. గడపలో కూర్చున్న లక్ష్మీనర్సమ్మ బండి వైపే చూస్తోంది.

"కొడ్కా, ముందటి టైరు మీదికెల్లి నల్ల పోగొకటి పాకుతాంది. సూడు."

దయాకర్ వంగి చూశాడు. అది పోగు కాదు, చీమల బారు. టైరు ఎక్కి, బానెట్ సందులోంచి లోపలికి పోతోంది.

"ఇంజన్ల చీమలకేం పనిరా? చక్కెర పోసినవా ఏంది?"

దయాకర్ ఈ విషయాన్ని ఫోన్‌లో అశ్వమేధ వారి యాప్‌లో నమోదు చేయబోయాడు. చీమ 'జంతువులు' కిందికి వచ్చింది. జంతువు ప్రాణంతో ఉన్నదా, కస్టమర్‌కు దానితో పూర్వ పరిచయం ఉన్నదా, అటవీశాఖకు తెలియజేశారా అని యాప్ అడిగి, జంతువుతో కలిసి దిగిన ఫొటో కోరింది. దయాకర్ అక్కడితో యాప్ మూసి, బస్టాండు దగ్గర బైకులు బాగుచేసే బీరన్నను పిలుచుకొచ్చాడు.

బీరన్న గొర్రెల కాపరుల ఇంటి మనిషి. వాడి దగ్గర ల్యాప్‌టాప్ లేదు. మూడో కాయిల్‌ను గూట్లోంచి పైకి లాగాడు. అడుగున తెల్లటి జిగురు పట్టి ఉంది. వాసన చూశాడు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"అన్నా, మీరు ఇంజన్ల పోసేది పెట్రోలా, పెసాదమా?"

"ఏమైంది బీరన్నా?"

"కొబ్బరి నీళ్లే! తడికి కరెంటు పక్కకు పోతాంది, కాయిల్ మాడుతాంది. గొర్రె చెవుల నీళ్లు పోతే గొర్రె తల ఇదిలిస్తది సూడు, గీ బండి గట్లనే వణుకుతాంది. మందు గొర్రెకు గాదన్నా, నీళ్లు పోసినోనికి తాగియ్యాలె."

లక్ష్మీనర్సమ్మ నోరు నొక్కుకుంది. "కాయ నేల మీద కొడ్తరు గాని, గుండెల మీద కొడ్తరారా? దేవుడు గట్ల అడిగిండా?"

దయాకర్ యాప్‌లో ఉన్న పాత ఫొటోలన్నీ బయటికి తీశాడు. అన్నింటిలోనూ తాను నవ్వుతున్నాడు. అన్నింటిలోనూ నీళ్లు మూడో గూట్లోకే దిగుతున్నాయి. ఇన్ని సాక్ష్యాలను ఇంత శ్రద్ధగా భద్రపరచినందుకు కంపెనీని మెచ్చుకోక తప్పలేదు.

బండి లారీ ఎక్కి మళ్లీ మహబూబ్‌నగర్ చేరింది. ఆ ఫొటోలు చూసి రాజేశ్ చిరునవ్వు మానేశాడు. (అది విధి నిర్వహణలో లోపమే. అటూ ఇటూ చూసి మళ్లీ పెట్టుకున్నాడు.)

"నాకూ అనుమానముండె సార్," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ కార్యక్రమం మొదలైనంక కాయిల్స్ మస్తు పోతున్నయ్. పైకి రాద్దామంటే గడి లేదు. మీరు రాయుండ్రి. కస్టమర్ రాస్తే ఉపసంఘానికి పోతది."

దయాకర్ రాశాడు. ఆఫీసు భాష తెలిసినవాడు గనుక బాగానే రాశాడు. గురువారం సాయంత్రానికల్లా కారణ నిర్ధారణ ఉపసంఘం నుంచి జవాబు వచ్చింది.

'మీ పరిశీలనకు ధన్యవాదాలు. కొబ్బరికాయ కంపెనీది. అందలి నీరు ప్రకృతిది. ప్రకృతి వలన కలిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు. అయినను కస్టమర్ మనోభావాలను గౌరవించి ఈ పర్యాయం కూడా కాయిల్ మార్చబడును. పద్నాలుగో నియమం యథాతథం.'

దయాకర్ దాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి, ఇది తాను రాసినా ఇంతకంటె బాగా కుదిరేది కాదనిపించింది.

శుక్రవారం తల్లీకొడుకులు తెల్లవారగానే బస్సులో మహబూబ్‌నగర్ వచ్చారు. బండి తీసుకుని అక్కడి నుంచే ఆలంపూర్ పోవాలి. లక్ష్మీనర్సమ్మ సంచిలో చీర ఉంది. చీర కింద ఒక కొబ్బరికాయ ఉంది. పూజగూట్లో ఏడాదిగా ఎండి, ఊపితే చప్పుడు కూడా చేయని కాయ.

"నీళ్లే గద మీ బండికి పడనియ్యి. దీంట్ల సుక్క లేదు. ఇది కొట్టు బిడ్డా."

రాజేశ్ ముఖం వెలిగింది. ఈసారి నవ్వమని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. బానెట్ ఎత్తి, ఎండుకాయ ఎత్తి ఒక్క దెబ్బ కొట్టాడు. కాయ రెండు చిప్పలైంది, చుక్క రాలలేదు. ఫొటో యాప్‌లో పెట్టాడు. ముగ్గురూ ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డారు.

యాప్ ఆలోచించి ఎర్రబడింది. 'నీరు చిమ్మినట్లు కనబడుటలేదు. సంతోషం అసంపూర్ణం. తిరిగి ప్రయత్నించండి.'

"ఇంకొక్క ఎండుకాయ దొరుకుతదేమో..." అన్నాడు దయాకర్.

"దొరికినా ఇంతే సార్." రాజేశ్ తలుపు దగ్గరున్న గడియారం వైపు చూశాడు, ముసలమ్మ సంచి వైపు చూశాడు. పాపం మంచివాడు. వారిని ఎలాగైనా పూజ వేళకు పంపాలనుకున్నాడు. "మీకు ఆలస్యమైతాంది పెద్దమ్మా, నేను పంపిస్త ఆగుండ్రి," అంటూ, వాళ్లు వద్దనేలోగా, తాను తాగే నీళ్ల సీసా మూత తీసి మూడో కాయిల్ మీద వంచాడు.

యాప్ పచ్చబడింది. గేటు తెరుచుకుంది.

లక్ష్మీనర్సమ్మ తడిసిన ఇంజన్‌ను ఎదురుగా నిలబడి చూసింది. తరువాత సంచి భుజానికి తగిలించుకుంది.

"నీ గుర్రాలను యాడ కట్టేస్తవో అనుకున్న. ఈడ మంచిగ కట్టేసిన్రు. ఇగ నడువు కొడ్కా, బస్సెక్కుదాం."

"మన కార్ల తీస్కపోతనంటి గదమ్మా..."

"నువ్వు కార్ల అన్నవు. నేను తల్లికి చీర అన్న. నీ మాట కోసం నా చూపు ఆగుతదా?"

ఎక్కిన బస్సుకు బలమెంతో ఎవరూ చెప్పలేదు. అద్దం ముందు నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. ఇంజన్ మీద ఎవరూ ఏమీ పోయలేదు. అది కొత్తకోట దాటింది, పెబ్బేరు దాటింది, ఎక్కడా దీపం వెలిగించకుండా ఆలంపూర్ చౌరస్తాలో దింపింది. అక్కడి నుంచి ఆటో.

మధ్యాహ్నం పూజలో పూజారి ఎర్ర పట్టుచీరను అమ్మవారికి కట్టాడు. లక్ష్మీనర్సమ్మ ఎదురుగా నిలబడి రెప్ప వేయకుండా చూసింది. అంచు దగ్గర ఒక్క మడత సర్దమని పూజారికి చెప్పింది కూడా.

"కనబడుతాందా అమ్మా?"

"తల్లి ఎదురుంగనే ఉన్నది గద. పక్కలయి నాకెందుకురా?"

దయాకర్ చేతులు జోడించాడు. తల్లీ, నీ పేరు చెప్పి అక్కడ ఇన్నిసార్లు పోసిన నీళ్లు నీకు చేరినయా అని మనసులో అడిగాడు. సోమవారం తన కిటికీ ముందుకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. వాళ్ల గురించి మాత్రం ఏమీ అడగలేదు, ధైర్యం చాలలేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఫోన్ మోగింది. అశ్వమేధ వారి సందేశం.

'మీ తురగ ఈ రోజు మార్గమధ్యంలో ఒక్కసారి కూడా ఆగలేదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. దయచేసి మాకు నక్షత్రాలు ఇవ్వండి.'

గుడి మెట్ల మీద కూర్చుని అబద్ధం ఆడడం ఇష్టం లేక, దయాకర్ బాగా ఆలోచించాడు. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. అయిదూ నొక్కాడు.

వెంటనే ఇంకో సందేశం వచ్చింది.

'ధన్యవాదాలు. మీ ఆదరణకు కృతజ్ఞతగా మీ ఇంజన్‌పై మరొక కొబ్బరికాయ ఇప్పుడే ఉచితంగా కొట్టబడినది.'