నలభై ముఖాల మీద నక్షత్రాలు

ఆ ఉదయం చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. బాబాయి తన ఫోటో స్టూడియోకి వచ్చేలోగా కంప్యూటర్‌లో తను వేస్తున్న ఆకాశానికి గుప్పెడు చిన్న ఎర్ర నక్షత్రాలు అద్దాలి, శనిగ్రహం చుట్టూ వలయం పూర్తి చేయాలి, పిల్లిలా జారుకోవాలి. ఆ ముసలి కంప్యూటర్ ఒకేసారి రెండు ఫైళ్లు తెరిస్తే మొరాయిస్తుంది. అందుకని బాబాయి ఫోటోలన్నీ వరుసగా పేర్చిపెట్టే ఫైల్లోనే, వాటి పైన పొరలు పొరలుగా బొమ్మ వేసేది. వెళ్లేముందు ఆ పొరలన్నీ కనబడకుండా దాచేది.

"ఇంకొక్కసారి నా పని చెడిందో, నీ గ్రహాలకీ నాకూ చెల్లు! మళ్లీ దీన్ని ముట్టుకోనివ్వను," అని బాబాయి నిన్ననే తేల్చేశాడు.

బాబాయి వాకిలి షట్టర్ ఎత్తుతున్న చప్పుడైంది. కంగారులో చిట్టి ఆకాశాన్ని దాచింది, శనిని దాచింది. నక్షత్రాలను మరిచింది.

బాబాయి నెత్తిమీది కళ్లజోడు కోసం సొరుగులన్నీ వెతుకుతూనే, గుర్తింపు కార్డుల కోసం బడిపిల్లల నలభై ఫోటోలూ అచ్చు తీసి పంపించేశాడు.

గంట తిరక్కుండా హెడ్మాస్టరు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, నిన్న ఫోటోలు తీసినప్పుడే పిల్లలకి ఈ దద్దుర్లున్నాయా?"

"నేను ముఖాలు చూడనండీ. గడ్డం పైకెత్తారా లేదా అనే చూస్తాను."

హెడ్మాస్టరు బడికి సెలవిచ్చి చర్మ వైద్యుడిని పిలిపించాడు. సెలవు మాట చెవిన పడగానే నలభై మందీ గోక్కోవడం మొదలెట్టారు. వాళ్లను చూసి లెక్కల మాస్టారూ గోక్కున్నాడు. గోకినచోటల్లా నిజంగానే ఎర్రబడింది. డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది అంటుకునేదే! ముందు ఆ ఫోటోలు తీసినవాణ్ణి గదిలో పెట్టి తాళం వెయ్యండి!"

గోక్కుంటూ గోక్కుంటూ అందరూ స్టూడియో మీదికి వచ్చిపడ్డారు. మూలనున్న చిట్టికి డాక్టరు చేతిలోని ఫోటోలు చూడగానే సంగతి అర్థమైంది. నోరు విప్పితే కంప్యూటర్ పోతుంది. విప్పకపోతే బాబాయే పోయేలా ఉన్నాడు.

"అవి... నా నక్షత్రాలండీ," అంది.

"ఏమిటే, ఆ గొణుగుడు?" అన్నాడు బాబాయి.

ఇక నోటితో అయ్యే పని కాదని, వెళ్లి నక్షత్రాల పొరను దాచేలా మౌస్ ఒక్కసారి నొక్కింది. తెరమీద నలభై ముఖాలూ నున్నబడ్డాయి. పిల్లలు ఉసూరుమంటూ గోక్కోవడం ఆపారు. లెక్కల మాస్టారు మాత్రం ఇంకో నాలుగు గీరి ఆపాడు.

హెడ్మాస్టరు తెరనూ చిట్టినీ మార్చి మార్చి చూశాడు.

"మందూ మాకూ లేకుండానే! అమ్మాయీ, నా ఫోటోలో ఈ ముక్కుమీది పులిపిరి కూడా..."

తిట్టబోయిన బాబాయి కుర్చీ దుమ్ము దులిపి ఆమెవైపు జరిపాడు.

"కూర్చోమ్మా. ఇకనుంచి ఇది నీ చోటే. ఖాళీ దొరికినప్పుడు నీ శనినీ కానిచ్చుకో."

సాయంత్రానికి స్టూడియో ముందు జనం తమ ఫోటోలతో పెద్ద వరుసే కట్టారు. అందరికంటే ముందు నిలబడింది చర్మ వైద్యుడు.