భద్రతా సంఘం వారి కిటికీ

బడులు తెరవడం పూర్తిగా సురక్షితమని పాఠశాలల ఆరోగ్య భద్రతా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. నలుగురు ఒకచోట చేరడం ప్రమాదం కనుక సభ్యులందరూ ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఫోన్లలోనే ఈ తీర్మానం చేశారు. అధ్యక్షులవారు తమ గదిలో ఒంటరిగా ఉండి కూడా మాస్కు తీయలేదు. ఇంత జాగ్రత్తపరుల చేతుల్లో పిల్లలున్నారని తెలిసి ప్రజలు గుండెల మీద చేతులు వేసుకుని నిద్రపోయారు.

పెద్ద టీచరమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఆవిడకు పుట్టుకతోనే సంతృప్తి తక్కువ. ఆవిడ బెంగంతా మూడో తరగతి గది గురించి. ఆ గదికి ఒక తలుపు ఉంది. ఒకప్పుడు కిటికీ కూడా ఉండేది. పక్కన పెద్ద భవనం లేచాక, ఎక్కాల గోలకు తమ మనశ్శాంతి పోతోందని అందులోని వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. వారం తిరక్కుండా అధికారులు ఇటుకలు పేర్పించి కిటికీ మూయించారు. బడికి మరుగుదొడ్డి కావాలన్న అర్జీ అప్పటికే ఏళ్ళ తరబడి పరిశీలనలో ఉంది. పరిశీలన తొందరపడి చేసే పని కాదు కదా.

ఆ గదిలోనే ఈల కూర్చుంటుంది. పిల్ల అసలు పేరు వేరు. ఆయాసం వచ్చినప్పుడు ఛాతీలోంచి సన్నగా ఈల వినిపిస్తుందని తోటి పిల్లలు పెట్టిన పేరది. దాని తల్లి ఆ పక్క భవనంలో అంట్లు తోమి, గదులు తుడుస్తుంది. తల్లి రావచ్చు గానీ పిల్ల రాకూడదని అక్కడ నియమం. పిల్లల వల్ల జబ్బు పాకుతుందట. అదే పిల్లలు బడి గదిలో ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చుంటే పాకదని సంఘం తేల్చింది. ఆ భవనంలోని పిల్లలకు మాత్రం బడి ఇంకా ఇళ్ళలోనే, తెర మీదే నడుస్తోంది. వాళ్ళ బడికి కిటికీలు మరీ ఎక్కువ కాబోలు.

బడి తెరవడానికి రెండ్రోజుల ముందు ఈల తల్లి బడి గుమ్మంలో నిలబడింది.

"కిందటిసారి జ్వరానికే అది నాకు దక్కుతుందనుకోలేదు టీచరమ్మా. ఇక్కడ కూర్చోబెడితే ఊపిరాడదు. ఇంట్లో పెట్టి తాళం వేసుకుపోదామంటే ఒక్కతే భయపడుతుంది. నేను పని మానేస్తే తిండి లేదు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

టీచరమ్మ ఆ సాయంత్రమే సంఘం సమావేశంలో, ఫోనులో, ఇటుకలు తీయించమని వేడుకుంది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"చూడండమ్మా, ఆరోగ్యం దగ్గర మాకు పేదా గొప్పా తేడా లేదు. అన్ని బడులకూ తలా ఒక థర్మామీటరు, తలా ఒక సబ్బు పంచాం. చెట్ల మధ్య విశాలంగా ఉన్న బడికీ ఒకటే సబ్బు, కిక్కిరిసిన మీ బడికీ ఒకటే సబ్బు. ఇప్పుడు మీ ఒక్కరికే కిటికీ ఇస్తే సమానత్వం ఏం కావాలి? మిగతా బడులు నొచ్చుకోవా?"

మిగతా బడులకు కిటికీలు ఉన్నాయని ఆవిడ చెప్పబోయేసరికి ఆవిడ మైకు ఆపేశారు. వెనక నుంచి పిల్లల చప్పుడు వస్తోందట.

అలాగని సంఘం మరీ మనసు లేనిది కాదు. మర్నాడు పొద్దున్నే ఒక పెయింటర్‌ను పంపింది. అతను ఆ ఇటుకల మీద నిలువెత్తు కిటికీ బొమ్మ వేశాడు. బార్లా తెరిచిన రెక్కలు, అవతల నీలాకాశం, గాలికి ఎగురుతున్న పరదా. పనిమంతుడు, వంక పెట్టడానికి లేదు. భద్రత దృష్ట్యా తనిఖీ కూడా ఫోనులోనే జరిగింది. తనిఖీ అధికారి ఆ కిటికీ చూసి మురిసిపోయి, గాలి కాస్త ఎక్కువైనట్టుంది, వానాకాలంలో ఒక రెక్క మూసుకోమని సలహా ఇచ్చి ధ్రువపత్రం పంపాడు. ఇది బొమ్మ అని టీచరమ్మ రెండుసార్లు అంది. చాలా బాగుంది, అలాగే ఉంచండి అన్నాడాయన.

ఆయాసం ఉన్న పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాలన్నది నిబంధన. బడి తెరిచిన రోజు ఈలను అక్కడే కూర్చోబెట్టారు. రెండో గంట కొట్టకముందే ఛాతీలో ఈల మొదలైంది. పిల్ల పెదవులు నల్లబడ్డాయి. అది నోరు తెరిచి బొమ్మలోని ఆకాశం వైపు మొహం తిప్పింది. టీచరమ్మ దాన్ని చంకనేసుకుని బయటికి పరిగెత్తింది. మందు పీల్పించి, ఊపిరి కుదుటపడేదాకా వీపు నిమురుతూ కూర్చుంది.

సెలవురోజు చూసి ఒక తాపీ మేస్త్రిని పిలిపించింది. అతని పిల్లలూ ఆ బడిలోనే చదువుతున్నారు. గునపం మొదటి దెబ్బ తనే వేసింది. నీలాకాశం పెచ్చులుగా ఊడి కింద పడింది. అవతలున్న అసలు ఆకాశం కాస్త మాసినదే గానీ, గాలి వచ్చింది. బడి మళ్ళీ తెరిచాక ఈల దాని పక్కన కూర్చుని మూడో ఎక్కం చివరిదాకా ఒక్క ఊపున చదివింది.

ఈసారి పరిశీలన అక్కర్లేకపోయింది. తాఖీదు వెంటనే వచ్చింది. ధ్రువీకరించబడి, మంచి స్థితిలో ఉన్న ప్రభుత్వ కిటికీని ధ్వంసం చేసి, దాని స్థానంలో అనధికారికంగా రంధ్రం చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెను. జవాబు పరిశీలించేదాకా టీచరమ్మను విధులకు రావద్దన్నారు.

రంధ్రం పూడ్పించమని పక్క భవనంలో ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. మీ అంతస్తుకూ వస్తారు. మీరు చెడ్డవాళ్ళేం కాదు, పేద పిల్లలంటే మీకు చెప్పలేనంత జాలి. కానీ కింద అంతస్తుల వాళ్ళంతా పెట్టేశారు, మీరొక్కరే కాదంటే ఏం బాగుంటుంది? పెన్ను కూడా వాళ్ళే తెస్తారు. ఆ వేళకు ఈల తల్లి మీ వంటింట్లోనే అంట్లు తోముతూ ఉంటుంది. కాస్త చప్పుడు కాకుండా సంతకం పెట్టండి.