రేడియోల సొత్తు

ఈ ఉగాది నుంచి మనుషులు వస్తువుల్ని సేకరించడం రద్దయి, వస్తువులు మనుషుల్ని సేకరించడం అమల్లోకి వచ్చింది. ఉత్తర్వు సారాంశం ఒక్కటే: ఎవరి దగ్గర అరుదైన వస్తువులు పోగుపడి ఉన్నాయో, ఇక మీదట ఆ పోగే వారికి యజమాని. కాకినాడలో చాలామందికి ఏదో మారిందన్న సంగతే తెలియలేదు. జగన్నాథపురంలో పాత తాళాలు పోగేసిన పెద్దమనిషి ఇదివరకూ వాటిని వదిలి గడప దాటేవాడు కాదు, ఇప్పుడూ దాటడం లేదు. సూర్యారావుపేటలో పింగాణీ కప్పులున్న ఆవిడ ఇంట్లో అందరూ స్టీలు గ్లాసుల్లోనే కాఫీ తాగేవారు, ఇప్పటికీ అందులోనే తాగుతున్నారు.

రామారావుపేటలో ఉండే మేడిశెట్టి సూర్యభాస్కరం ఈ పద్ధతిలో పాత రేడియోల సొత్తు అయ్యాడు. ఆయన పోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. చెక్కపెట్టెల్లో బిగించిన పాతకాలపు వాల్వు రేడియోలు ఆయన హాలంతా నిండి, పడగ్గదిలోకి పొంగి, వంటింటి అటక మీదికి పాకాయి. పొద్దున్నే లేచి, మెత్తటి పంచె ముక్కతో వాటి ఒళ్ళు తుడిచేవాడు. సముద్రపు గాలికి లోపల తుప్పు పడుతుందని కిటికీలన్నీ మూసి, తను చెమటలు కక్కేవాడు. ఉత్తర్వు వచ్చిన మర్నాడు కూడా అలాగే తుడుస్తుంటే, హాలు మధ్యలో ఉన్న పెద్ద రేడియో తన ఆకుపచ్చ కన్ను వెలిగించి గొంతు సవరించుకుంది. "నమస్కారం. నేటి నుంచి తమరు మా అధీనంలో ఉన్నారు. ప్రస్తుతం జరుగుతున్న పని యథాతథంగా కొనసాగుతుంది" అని వార్తలు చదివినట్టు చెప్పింది. "అలాగేనండి" అన్నాడు భాస్కరం, పెట్టె వెనక దుమ్ము దులుపుతూ.

ఆయన భార్య వీరవేణికి మాత్రం ఎవరూ యజమానిగా తేలలేదు. ఆవిడ ఏదీ దాచుకునే మనిషి కాదు. చీర ఉంటే కట్టేస్తుంది, గిన్నె ఉంటే వండేస్తుంది. వార్డు ఆఫీసు వాళ్ళు వచ్చి బీరువా తెరిపించి, మంచం కింద చూసి, డబ్బాల మూతలు తీసి, "అమ్మగారికి యజమాని లేరండి" అని తేల్చేశారు. "ఇన్నాళ్ళూ ఉన్నారనుకున్నానండీ" అంది ఆవిడ. వాళ్ళు సానుభూతిగా తలూపి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

ఇంతటితో ఆగితే ఎవరికీ బాధ ఉండకపోను. కానీ సేకరణ అన్నాక మారకం ఉంటుంది. మామూలు ముక్కను వదిలించుకుని అరుదైన ముక్కను తెచ్చుకుంటే తప్ప సేకరించేవాళ్ళకి నిద్ర పట్టదు. ఆ దురద ఇదివరకు మనుషులకుండేది, ఇప్పుడు వస్తువులకు పట్టుకుంది. పెద్దాపురంలో ఒకాయనకి దవడ పన్ను మీద సిలోను స్టేషను పలుకుతుందని రేడియోలకు తెలిసింది. ఆయన నోరు తెరిస్తే పాటలు, మూస్తే గరగర. ఆ కబురు విన్న దగ్గర్నుంచి రేడియోలన్నీ ముళ్ళు అటూ ఇటూ తిప్పుకుంటూ ఒకటే గుసగుసలు. ఆ పంటి మనిషి ప్రస్తుతం ఇత్తడి తమ్మపడిగల సొత్తు. తాంబూలం నమిలి ఉమ్మేసుకోవడానికి జమీందార్లు పక్కన పెట్టించుకునే గిన్నెలున్నాయే, అవి. తమ్మపడిగలు బేరానికి ఒప్పుకున్నాయి. పంటి మనిషిని ఇచ్చి భాస్కరాన్ని పుచ్చుకుంటాయి.

భాస్కరానికి ఆ పూట అన్నం సయించలేదు. "నన్ను ఉమ్మి గిన్నెలకిస్తారటే వేణీ! నేను లేకపోతే ఈ రేడియోలేమైపోవాలి?" అని కంటతడి పెట్టుకున్నాడు. తను లేకపోతే వీరవేణి ఏమవుతుందన్నది ఆ కంగారులో ఆయనకు తట్టలేదు. ఆవిడ మజ్జిగ కలిపి చేతికిచ్చి, "ఊరుకోండి. గ్రేడింగు చేయించుకుంటే ఏదో దారి దొరుకుతుందట కదా" అంది.

దారి ఉంది. గ్రేడింగులో 'దుర్లభం' అని తేలిన మనిషిని ఏ సేకరణా మారకానికి పెట్టకూడదు. భాస్కరం రేడియోల కాళ్ళావేళ్ళా పడి గ్రేడింగుకి ఒప్పించాడు. వచ్చే బుధవారం తునిలో వీరవేణి అక్క మంగతాయారు గృహప్రవేశం ఉంది. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకీ, మేనకోడళ్ళ సీమంతాలకీ, ఆఖరికి తండ్రి దినాలకి కూడా ఒంటరిగానే వెళ్ళొచ్చిన వీరవేణికి, ఈసారి తప్పకుండా తోడొస్తానని భాస్కరం ఫోనులో అక్కగారు వింటుండగా మాటిచ్చాడు. ఈ గొడవ తేలిపోతే తుని వెళ్ళొచ్చని ఆవిడ ఆశ.

గ్రేడింగు అధికారి కొప్పిశెట్టి త్రిమూర్తులు సోమవారం పొద్దున్నే భూతద్దం తుడుచుకుంటూ వచ్చాడు. మార్పు రాక ముందు ఆయన పాత నాణేలు చూసి పెట్టేవాడు, ఇప్పుడు మనుషుల్ని చూస్తున్నాడు. పనిలో పెద్ద తేడా లేదని ఆయనే చెప్పాడు. కిటికీ ఒకటి తెరిపించి, భాస్కరాన్ని దాని దగ్గర నిలబెట్టి గోళ్ళు చూశాడు, చెవులు మడిచి చూశాడు, మోకాలి మీద వేలితో కొట్టి విన్నాడు.

"మోకాళ్ళు ఒరిజినలేనాండి?"

"ఆయ్, ఒరిజినలేనండి. ముందు పళ్ళు రెండు మాత్రం కట్టించుకున్నాను."

"అయ్యయ్యో, ముట్టుకోకుండా ఉండాల్సిందండి. పాత ముక్కకి కొత్త మెరుగు పెడితే పోయినట్టే." త్రిమూర్తులు భూతద్దం దించాడు. "ఏమనుకోకండి భాస్కరం గారూ. రిటైరైన గుమస్తా, కాస్త పొట్ట, ఓ బీపీ మాత్ర, పేపరు పైకి చదవడం. మామూలు రకం. ఒక్క ఈ వీధిలోనే కుప్పలుగా ఉన్నారు."

భాస్కరం మొహం మాడిపోయింది. త్రిమూర్తులు జాలిపడి, తమ లెక్కలో ఒక వెసులుబాటుందని చెప్పాడు. సరిగ్గా అచ్చయిన నాణెం సంతలో ఎక్కడైనా దొరుకుతుంది. తప్పుగా అచ్చయినదానికే గిరాకీ. మనిషిలో కూడా ఎక్కడా కనపడని తప్పు ఒకటి ఉంటే గ్రేడు అమాంతం లేస్తుంది. "కాబట్టి మీలో తప్పేదైనా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి" అన్నాడు.

భాస్కరం కళ్ళు మూసుకుని ఆలోచించాడు. చిన్నప్పటి నుంచీ వరసగా నెమరేసుకుంటూ వచ్చాడు. ఎంత వెతికినా తనలో ఆయనకి ఒక్క తప్పు కూడా కనపడలేదు.

"అది కూడా మామూలేనండి" అన్నాడు త్రిమూర్తులు. "అమ్మగారిని పిలవండి."

వీరవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన గురించి చెడ్డగా చెప్పాలంటే మొదట్లో మొహమాటపడింది. ఒకటి చెప్పాక రెండోది దానంతటదే వచ్చింది. కూర బాగుంటే మాట్లాడరు, ఉప్పెక్కువైతే వీధి వీధంతా వినపడేలా మాట్లాడతారు. పుట్టింటివాళ్ళు వస్తే ఆయనకి తలనొప్పి వస్తుంది, వెళ్ళగానే తగ్గుతుంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఎక్కడ పారేశావని తనని తిడతారు. భాస్కరం మురిసిపోతూ ముందుకు జరిగాడు. సంసారంలో ఏనాడూ ఆయన భార్య మాటలు ఇంత శ్రద్ధగా విన్నది లేదు. "అది చెప్పవే, మన పెళ్ళిలో నేను అలిగి బావి గట్టు మీద కూర్చున్నది! నీకు జ్వరమొచ్చిన రోజు పెసరట్టు అడిగింది చెప్పు!" అంటూ అందిచ్చాడు. కిటికీ బయట చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అన్నింటికీ తలలూపారు. వాళ్ళు తలూపినప్పుడల్లా త్రిమూర్తులు పెదవి విరిచాడు.

"మామూలే. ఇదీ మామూలే. ఇది మా ఇంట్లో కూడా ఉందండి."

"తిన్నావా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదండి" అంది వీరవేణి.

"అలాంటివి ఊళ్ళో బస్తాలతో కొలవచ్చమ్మా."

పెద్ద రేడియో కన్ను చిట్లించింది. "గ్రేడింగు కార్యక్రమం ఇంతటితో సమాప్తం. తదుపరి కార్యక్రమం, మారకం." అటక మీది చిన్న రేడియోలు ఉత్సాహంగా గరగరమన్నాయి. భాస్కరం మొహంలో నెత్తురు చుక్క లేదు. తప్పిపోయిన పిల్లాడిలా భార్య వైపు చూశాడు. ఆ చూపు ఆవిడ తట్టుకోలేకపోయింది.

"ఇంకొకటుందండి" అంది మెల్లిగా. "కానీ అది తప్పు కాదు. ఈయన ఒకసారి నాకు క్షమాపణ చెప్పారు."

కిటికీ బయట ఎవరో "అమ్మో" అన్నారు. త్రిమూర్తులు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. వీరవేణి చెప్పింది. సామర్లకోటలో ఈ పెద్ద రేడియోని కొన్న రోజున, దాన్ని రైలెక్కించి, కిటికీ పక్క చోటిచ్చి, తువ్వాలు కప్పి, భాస్కరం పక్కన కూర్చున్నాడు. రైలు కదిలింది. భార్య ప్లాటుఫారం మీద మంచినీళ్ళు పట్టుకొస్తూ ఉండిపోయింది. ఆయన తర్వాతి స్టేషనులో దిగి, మరో రైల్లో వెనక్కి వచ్చేసరికి ఆవిడ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "తప్పయిపోయింది వేణీ, నన్ను క్షమించు" అన్నాడు, పోర్టర్లూ, పల్లీలమ్మేవాళ్ళూ చూస్తుండగా. "రేడియోని కింద పెట్టకుండానే అన్నారనుకోండి. కానీ అన్నారు."

"ధ్రువీకరిస్తున్నాం" అంది పెద్ద రేడియో. "ఆ సమయంలో మేము ఆయన భుజం మీద ఉన్నాం."

త్రిమూర్తులు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అమ్మా, క్షమాపణ అసలు వాడని మొగుళ్ళు ఊరినిండా ఉన్నారు. కంపెనీ నుంచి వచ్చినట్టే, అట్టపెట్టె విప్పకుండా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడి వాడి అరగదీసినవాళ్ళూ కొందరున్నారు. ఒకే ఒక్కసారి, అదీ నలుగురిలో వాడిన ముక్కని నేను చూడటం ఇదే మొదటిసారి. ఆ క్షమాపణ ఇప్పుడెవరి దగ్గరుందమ్మా?"

"నా దగ్గరేనండి. దాచుకున్నాను."

"ఎందుకు?"

"దాన్ని చూసుకునే కదండీ ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉన్నది" అంది వీరవేణి. ఈ మాట ఇంతవరకూ ఆవిడ ఎవరితోనూ అనలేదు, తనతో కూడా అనుకోలేదు.

అంటే ఆవిడకి యజమాని లేకపోలేదు. ఒంటి ముక్క సేకరణ ఒకటి ఉంది, దానికే ఇన్నేళ్ళూ ఆవిడ సొత్తు. వార్డు ఆఫీసు వాళ్ళు డబ్బాలు వెతికారు గానీ ఇది వాళ్ళ కంటపడలేదు. ఇప్పుడా ముక్కని మనస్ఫూర్తిగా వదులుకుని రేడియోలకి అప్పగిస్తేనే భాస్కరానికి గ్రేడు వస్తుందని త్రిమూర్తులు వివరించాడు. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన ఆత్రంగా తలూపాడు. "ఇచ్చేస్తున్నానండి" అంది. ఆవిడ భుజాలు వదులయ్యాయి. అంత బరువు మోస్తున్నట్టు అప్పటిదాకా ఆవిడకే తెలియదు.

ఇల్లంతా మంగళవాయిద్యాలు మోగాయి. హాల్లో సన్నాయి, పడగ్గదిలో డోలు, అటక మీద వ్యవసాయదారుల కార్యక్రమం. త్రిమూర్తులు భాస్కరం మెడ వెనక 'దుర్లభం' అని బంగారు రంగు చీటీ అంటించి, జాగ్రత్తలు చెప్పాడు. ఎండ తగలకూడదు, తడి తగలకూడదు, ఇంట్లోంచి కదిలించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, క్షమాపణ ఆ ఒక్కటిగానే ఉండాలి. "రెండోది పలికారా, జత అయిపోతుందండి. జతలకి గ్రేడు లేదు. మర్నాడే తమ్మపడిగలు వచ్చి తీసుకుపోతాయి." భాస్కరం ఆనందబాష్పాలు తుడుచుకుంటూ అన్నిటికీ ఒప్పుకున్నాడు. సాయంత్రం దాకా జనం వచ్చి చూసి వెళ్ళారు. మొగవాళ్ళు అసూయపడ్డారు, ఆడవాళ్ళు కొంచెం ఎక్కువసేపు నిలబడ్డారు.

బుధవారం పొద్దున వీరవేణి వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమ, అక్కకి పెట్టే చీర సంచిలో సర్దుకుని గుమ్మంలో నిలబడింది. మళ్ళీ ఒంటరిగానే. భాస్కరం హాల్లో మెత్తటి గుడ్డ పరిచిన కుర్చీలో ఉన్నాడు. ఆయనకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఇలా ఆవిడ ఒక్కతే వెళ్ళిన ప్రయాణాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన చెడ్డవాడు కాదు. కడుపులోంచి నిజమైన దుఃఖం, దాని వెనకాలే ఒక మాట గొంతులోకి వచ్చాయి. ఆవిడ అది గమనించింది. సంచి కింద పెట్టి ఆగింది. ఆ మాట అంటే ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చునేదే, తుని కూడా మానేసేదే.

హాల్లో ఆకుపచ్చ కళ్ళన్నీ ఆయన నోటి మీదే వెలుగుతున్నాయి.

"జాగ్రత్తగా వెళ్ళు" అన్నాడు భాస్కరం.

"సరేనండి" అంది వీరవేణి. సంచి అందుకుంది. "పప్పు పొయ్యి మీదుంది. చల్లారాక మూత పెట్టండి" అని, మెట్లు దిగి, ఆటో ఎక్కింది.

నెల తర్వాత త్రిమూర్తులు తనిఖీకి వచ్చాడు. ముక్క బాగానే ఉంది. కాస్త చిక్కింది గానీ, దానికి గ్రేడు తగ్గదు.

"మళ్ళీ వాడలేదు కదండీ?"

"లేదండి. ఆవిడ ఊరెళ్ళిన రోజు నోటిదాకా వచ్చింది. మింగేశాను."

"మంచి పని చేశారు. ఇంతకీ అమ్మగారేరి?"

"తునిలోనే ఉండిపోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి సాయంత్రాలు ఏటి గట్టుకి కూడా వెళ్తున్నారట. కబురు పెడితే వస్తానంది. ఏమని పెట్టాలో మీకు తెలుసుగా."

"తెలుసండి" అన్నాడు త్రిమూర్తులు. "చాలా ఇళ్ళల్లో ఇంతేనండి. పెట్టకండి."

"పెట్టనండి."

త్రిమూర్తులు ఆయన్ని వెలుతురు వైపు తిప్పి, నోరు తెరవమని, భూతద్దంతో నాలుక కింద దాకా చూశాడు. "ఒక్క గీత కూడా పడలేదండి" అన్నాడు మెచ్చుకోలుగా. భాస్కరం పొంగిపోయి, నోరు జాగ్రత్తగా మూసుకున్నాడు.