చందాదారు డ్వేన్

ఆ శనివారం పొద్దున డార్లీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండో తరగతి పిల్లల తల్లిదండ్రులను బడి జిమ్‌లో కూర్చోబెట్టడం, కాలేజీ చదువుకు సర్కారు సాయం అడిగే దరఖాస్తును అక్కడికక్కడే కంప్యూటర్లో నింపించడం, మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవడం. కెంటకీ కొండల్లోని ఆ బడిలో పిల్లలకు కాలేజీ దారి చూపించే ఉద్యోగం ఆమెది. చదువు కోసమంటే ఊరి జనం రారని ఆమెకు బాగా తెలుసు, ఎందుకంటే ఆమెదీ ఆ ఊరే. అందుకే కరపత్రం మీద 'సాసేజ్ గ్రేవీతో వేడి బిస్కెట్లు, ఉచితం' అని, అంటే మాంసం పులుసులో నంజుకునే మెత్తటి రొట్టెలని, పెద్దక్షరాలతో రాయించి, దరఖాస్తు సంగతి అడుగున కనీకనబడకుండా పెట్టింది.

జనం విరగబడి వచ్చారు. వాళ్లలో డ్వేన్ కాడిల్ కూడా ఉన్నాడు. దారిలో చెడిపోయిన కార్లను లారీకి తగిలించి లాక్కెళ్లడం అతని పని. భార్య పోయి చాలా ఏళ్లయింది. కూతురు మరిస్సాను తనే పెంచాడు, జుట్టు జడేయడం కూడా తనే నేర్చుకుని మరీ. ఆ పిల్లకు లెక్సింగ్టన్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. అయితే రాష్ట్రం ఇచ్చే గ్రాంటు ముందు అడిగినవాళ్లకే, డబ్బు అయిపోతే అంతే సంగతులు. గ్రాంటు వస్తే మరిస్సా నర్సు అవుతుంది. రాకపోతే రోడ్డు పక్కన చవక సామాన్ల కొట్టులో గల్లాపెట్టె ముందు నిలబడుతుంది. ఆ ఊళ్లో మూడో దారి లేదు.

జిమ్ గుమ్మంలో ప్రిన్సిపాల్ హెన్స్లీ బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఇంతమంది ఒకచోట చేరడం చూసి ఆయన మనసు ఆగలేదు. ఫుట్‌బాల్ మైదానానికి కొత్త స్కోరుబోర్డు కోసం మనిషికి ఐదు డాలర్లు వసూలు చేస్తూ, ఇచ్చినవాళ్ల గుండె మీద 'నేను చందాదారుని!' అని గుండ్రటి స్టిక్కరు అతికిస్తున్నాడు.

"ఉచితం అన్నారుగా?" అన్నాడు డ్వేన్.

"బిస్కెట్లు ఉచితమేనయ్యా. వెనకాల జనం చూస్తున్నారు, తియ్యి తియ్యి."

డ్వేన్ తీశాడు. స్టిక్కరు అతికించుకుని, గొణుక్కుంటూ వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఇక్కడ ఆ దరఖాస్తు గొప్పతనం ఒకటి చెప్పాలి. అది తండ్రిని తండ్రి అనదు, తల్లిని తల్లి అనదు. వాషింగ్టన్‌లో ఏసీ గదిలో కూర్చున్న ఏ మహానుభావుడో ఆలోచించి ఆలోచించి, ఇద్దరికీ కలిపి 'చందాదారు' అని పేరు పెట్టాడు. తెర మీద అదే వచ్చింది: మీరు ఈ విద్యార్థి చందాదారు. అంగీకరిస్తున్నారా?

డ్వేన్ తెర వంక చూశాడు. తన గుండె వంక చూసుకున్నాడు.

"మళ్లీనా?"

"ఇది వేరే నాన్నా," అంది మరిస్సా.

"ఏం వేరే? ఇందాక చందాదారు అని ఐదు గుంజారు. ఇప్పుడెంత?"

డార్లీన్ పరిగెత్తుకొచ్చింది. డ్వేన్, ఆమె ఒకప్పుడు ఆ బడిలోనే ఒకే తరగతి చదివారు. "డ్వేన్, ఇందులో చందాదారు అంటే చందా ఇచ్చేవాడు కాదురా బాబూ."

"మరి?"

"నాన్న అని."

"నాన్నని నాన్న అని రాస్తే ఏం పోయింది? ఆ మాటకేమైనా పన్ను కట్టాలా?"

డార్లీన్ సంతకం పెట్టాల్సిన గడి మీద వేలు పెట్టి చూపించింది.

డ్వేన్ గొంతు చిన్నదేం కాదు. మాట బిస్కెట్ల వరసలో పడింది. సంతకం పెడితే డబ్బు కట్టాలన్న మాట గ్రేవీ గిన్నె దాటేసరికి జీతంలోంచి కోస్తారని అయింది. కాఫీ దగ్గర ఇల్లు జప్తు చేస్తారని అయింది. తలుపు దాకా వెళ్లేసరికి పికప్ బండి కూడా తోలుకుపోతారని అయింది, అక్కడ ఆడవాళ్లు సైతం లేచి నిలబడ్డారు.

డార్లీన్ మైకు అందుకుంది. "దయచేసి కూర్చోండి! ఇక్కడ ఎవరూ ఒక్క పైసా చందా ఇవ్వక్కర్లేదు!"

గుమ్మంలో ఉన్న హెన్స్లీకి ఈ ఒక్క ముక్కే వినబడింది. తన స్కోరుబోర్డు కళ్లముందే కూలిపోయినట్టయింది. ఒక్క ఊపున వచ్చి మైకు లాక్కున్నాడు.

"ఇవ్వాలి! అందరూ ఇవ్వాలి! ఇంకా సగం కూడా రాలేదు!"

కాసేపట్లో జిమ్ ఖాళీ అయిపోయింది. బిస్కెట్లు కూడా మిగల్లేదు, జేబుల్లో వెళ్లిపోయాయి. డ్వేన్ ఒక్కడే మిగిలాడు, లారీ తాళాలు మరిస్సా గుప్పిట్లో ఉన్నాయి కాబట్టి.

"నువ్వు సంతకం పెడితే తాళాలు. లేకపోతే ఇంటికి నడుచుకుంటూ పో."

డ్వేన్ సంతకం పెట్టాడు. ఆదాయం వివరాలు పన్నుల ఆఫీసు నుంచి వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. డార్లీన్ మీట నొక్కింది. ఈ కుటుంబం కాలేజీకి ఎంత పెట్టుకోగలదో తెర మీద అంకె వచ్చింది: మైనస్ పదిహేను వందలు.

"దేవుడా! అంకె ఎంత తక్కువైతే సాయం అంత ఎక్కువ, ఇంతకన్నా మంచి అంకె లేదు! పూర్తి సాయం వస్తుందే పిల్లా!" అని డార్లీన్ మరిస్సాను వాటేసుకుంది. ఇద్దరూ గెంతారు. డ్వేన్ మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు.

"సున్నా కూడా కాదన్నమాట," అన్నాడు చివరికి. "సున్నాకి కింద."

ఆ ఆనందంలో ఈ మాట ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మర్నాడు మరిస్సా చర్చికి వెళ్లగానే డ్వేన్ దరఖాస్తు మళ్లీ తెరిచాడు. 'సవరణలు' అన్న చోట నొక్కాడు. రెండు లారీలు, పాత కార్ల దొడ్డి, కొండ మీద రాళ్ల చెలక, చేపల పడవ, అన్నీ ఎక్కించాడు. కొనేవాడు ఇచ్చే ధర కాదు, తను చెప్పే ధర. ఈసారి చందాదారుగా సంతకం ఛాతీ విరుచుకుని పెట్టాడు. కొత్త అంకె వచ్చింది: పద్నాలుగు వేలు.

సోమవారం పెట్రోలు బంకులో, ఆ అంకె అచ్చు తీసిన కాగితం అందరి చేతులూ తిరిగింది. "ఏటా పద్నాలుగు వేలు తీసి పక్కన పెట్టగల మొనగాణ్నట. నేనన్నది కాదు, వాషింగ్టన్ అన్నది." వినేవాళ్లకు కడుపు మండిపోయింది. జిమ్ నుంచి పారిపోయిన మొగాళ్లంతా డార్లీన్ గది ముందు వరస కట్టారు. "డ్వేన్‌గాడికే పద్నాలుగు వేలైతే నా అంకె ఎంతో చూడు!" అని ఒకళ్ల మీద ఒకళ్లు పడి దరఖాస్తులు నింపారు. వాళ్లకు మైనస్సులే వచ్చాయి. వాళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. వాళ్ల పిల్లలకు గ్రాంట్లు వచ్చేశాయి. డార్లీన్ ఉద్యోగంలో అంత మంచి సంవత్సరం లేదు.

హెన్స్లీ కూడా ఆ కాగితం సంగతి విన్నాడు. "డ్వేన్ గారూ," అంటూ ఇంటికొచ్చాడు. ఆ 'గారు' అనే మాట డ్వేన్ పుట్టాక మొదటిసారి విన్నాడు. స్కోరుబోర్డుకు పెద్ద చందా అడిగితే కాదనలేకపోయాడు. చేపల పడవ అమ్మేశాడు, చెప్పిన ధరలో సగానికి.

మార్చిలో మరిస్సాకు ఉత్తరం వచ్చింది: మీ కుటుంబ స్థోమత దృష్ట్యా గ్రాంటుకు మీరు అర్హులు కారు. డార్లీన్ ఆ తప్పును అప్పటికప్పుడే దిద్దింది. కానీ రాష్ట్రం డబ్బు అయిపోయింది, ఊళ్లో అందరి పిల్లలకూ పంచాక. వాషింగ్టన్ ఇచ్చేదానితో ఫీజు గడుస్తుంది, గదీ తిండీ గడవవు. డార్లీన్‌కు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు డ్వేన్ పీక పిసకాలనిపించింది.

"ఎందుకు చేశావు నాన్నా?"

డ్వేన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "మైనస్‌గాడి కూతురొచ్చిందని అక్కడ నిన్ను చులకన చేస్తారని..."

మరిస్సాకు అతన్ని తిట్టాలని ఉంది. ఆ మాట విన్నాక తిట్టడానికి కూడా లేకుండా పోయింది. అదే ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ మంట.

ఆగస్టు చివర స్కోరుబోర్డుకు దీపాలు వెలిగాయి. ముఖ్య చందాదారుడి పేరు అందరికన్నా పైన, మూరెడు అక్షరాలతో మెరిసింది: డ్వేన్ కాటిల్. 'కాడిల్' అని ఉండాల్సింది ఇంగ్లిషులో పశువుల మంద అయి కూర్చుంది. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ రాత్రి చవక సామాన్ల కొట్టు కట్టేసి, తన పేరున్న ఏప్రన్‌తోనే ఇంటికొచ్చిన మరిస్సా ముందు డ్వేన్ ఒక కాగితం పెట్టాడు.

"పేరు దిద్దాలంటే ఈ ఫారం నింపాలట. నువ్వు చదువుకున్నదానివి, కాస్త చూసి పెట్టమ్మా."

మరిస్సా దాన్ని తిరగేసి చూసి, మళ్లీ అతని ముందే పెట్టింది.

"ఇది చందాదారే స్వయంగా నింపాలి నాన్నా."

బోర్డు మీద ఇప్పటికీ కాటిల్ అనే ఉంది.