బొంతయ్యకు దక్కిన మట్టి గోళీ

ఒక పెద్ద అడవిలో, అంటే మీరనుకునే పెద్ద కాదు, దాన్ని అడ్డంగా నడిచి దాటిన మొనగాణ్ణి ఇప్పటికీ నేనొక్కణ్ణే, ముసలి జంతువులంటే మహా గౌరవం. పళ్లూడిన ప్రతివారికీ ఒక చల్లని గుహ, గుమ్మంలోకే తిండి. బయట అడుగు పెడితే కోతి జవాన్లు దండం పెట్టి మరీ లోపలికి తోసేసేవారు.

అలా గౌరవం పొందుతున్న ఎలుగుబంటి బొంతయ్యకు ఒకనాడు గుమ్మం దాకా నడిస్తేనే ఆయాసం వచ్చింది. వైద్యురాలు గుడ్లగూబ ముక్కుతో నాడి తట్టి చూసింది.

"రక్తనాళాలు ఎండు వెదురులా బిగిశాయి తాతా. ఇలాగే ఉంటే వచ్చే తేనెల కాలం చూడవు."

"ఎందుకంటావు?"

"వయసొకటి. ఎండ మొహం చూడక డి విటమిన్ పాతాళానికి పోయింది, అదొకటి."

"అయితే ఎండలోకి పోనివ్వండి."

వృద్ధుల సంక్షేమ కార్యదర్శి నక్క చెవులు మూసుకుంది. "పెద్దలు ఎండన పడి తిరగడమా? అడవి పరువేం కాను? ఎండనే మీ గుమ్మంలోకి తెస్తాం."

ఎండలో పెడితే డి విటమిన్ పట్టే పుట్టగొడుగులు ఎండబెట్టి, నూరించి గోళీలు కట్టించింది. మందో కాదో తేలాలంటే సగం మందికి అసలు గోళీ, సగం మందికి ఉత్త మట్టి గోళీ ఇచ్చి చూడాలంది గుడ్లగూబ.

"అలాగే. కానీ మట్టికి మోతగాళ్లెందుకు? మట్టి వంతు వచ్చినవాళ్లనే రోజూ కొండెక్కి తీసుకోమందాం" అంది నక్క.

బొంతయ్య వంతుకు మట్టి వచ్చింది. నేనైతే ఆ కొండ ఒక్క ఊపిరిలో ఎక్కేవాణ్ణి, ఎదురొచ్చిన పులి పక్కకు తప్పుకునేది. పాపం, బొంతయ్య మొదటిరోజు పదిచోట్ల కూలబడ్డాడు.

"ఏం బావా, కొండను మింగుతావా, అంత నోరు తెరిచావు?" అంది వెనకాలే వస్తున్న ముసలి దుప్పి సారంగమ్మ.

"ముందు నిన్ను మింగితే దారంతా ప్రశాంతం."

ఇలా పోట్లాడుకుంటూ ఆరు నెలలు ఎక్కారు, దిగారు. గుడ్లగూబ మళ్లీ అందరి నాడులూ తట్టింది. గుహలో అసలు గోళీ మింగినవాళ్ల నాళాలు ఎప్పటిలాగే బిగిసి ఉన్నాయి. మట్టి మింగినవాళ్లవి మెత్తబడ్డాయి. బొంతయ్య తేనెపట్టు కూడా దించుకొచ్చాడు.

"పనిచేసింది గోళీ కాదు, నడక" అంది గుడ్లగూబ.

"నడకకు ప్రారంభోత్సవం ఎలా చేస్తాం డాక్టరమ్మా?" అంది నక్క.

మర్నాడే దండోరా వేశారు: మట్టే మహా మందు, ఇకపై పెద్దలందరికీ గుమ్మంలోకే మట్టి. మొదటి గోళీ పూలదండతో సహా బొంతయ్యకే ఇచ్చారు. జవాన్లు మళ్లీ గుహ ముందు నిలిచారు.

కొన్నాళ్లకు ఆయాసం తిరిగొచ్చింది. పరామర్శకు వచ్చిన నక్కను బొంతయ్య బతిమాలాడు. "నన్ను పెద్దల జాబితాలోంచి కొట్టెయ్యండి."

"తప్పు చేసినవాళ్లనే కొట్టేస్తాం పెద్దాయనా. మీరేం తప్పు చేశారు?"

బొంతయ్య కాసేపు ఆలోచించాడు. తర్వాత నక్క చెంప మీద ఒక్కటిచ్చాడు.

శిక్ష వెంటనే పడింది: జాబితాలోంచి పేరు తీసివేత, బతికినన్నాళ్లూ రోజూ కొండ మీదికి నీళ్లు మొయ్యడం.

తెల్లారేసరికి నక్క గుమ్మం ముందు సారంగమ్మ మొదలుకొని అడవిలోని ముసలివాళ్లంతా వరుసకట్టి నిలబడ్డారు.

నీతి: గౌరవం ప్రాణం మీదికొస్తే, చెయ్యి లేచే ఓపిక ఉండగానే ఒక చెంపదెబ్బ కొట్టెయ్యాలి.