ఐదు కొండల అల్లుడు

ఆత్మకూరు నేతవీధిలో దేవేంద్రప్ప మగ్గం ముందు కూర్చుంటే, మూర గుడ్డ నేసేలోపు ఒక కొండ ఎక్కి దిగేవాడు. నోటితోనే.

పన్నెండేళ్ళ కిందట, మగ్గానికి పని లేని ఏడు, నల్లమలలో సర్వే చేసేవాళ్ళతో కలిసి పోయి, ఒక్క పగటిలో ఐదు కొండల శిఖరాలు దాటివచ్చానని అతని కథ. పేర్లు కూడా వరసగా చెప్పేవాడు. బోడికొండ, ఎద్దుమూపు, నెమలిగట్టు, పెద్దగూబ, చుక్కలకొండ.

సర్వేవాళ్ళతో పోయిన మాట నిజం. కొండలు ఐదు ఉన్న మాటా నిజం. మధ్యలో జరగాల్సిన నడకే జరగలేదు. మిగతావాళ్ళు కొండలెక్కితే అతను కింద డేరాల దగ్గర ఉండిపోయాడు. కొండలు వచ్చి సాక్ష్యం చెప్పేవి కావు గనక కథ పన్నెండేళ్ళూ సుఖంగా నడిచింది.

ఆ కార్తీకంలో మామ రామలింగప్ప కూతురిని చూడ్డానికి వచ్చాడు. ఆయనది ఎమ్మిగనూరు పక్క నల్లరేగడి పల్లె. ఆ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైనది గడ్డివామి. అరవై దాటిన మనిషి, బక్కగా, మాట తక్కువగా ఉంటాడు. భోజనమయ్యాక చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు.

"అల్లుడా, నువ్వు చెప్తాంటావే, ఆ ఐదు కొండలు నాకు సూపించు. వయసు అయిపోతాండాది. కాళ్ళు ఇంగా నా మాట ఇంటాండాయి."

దేవేంద్రప్ప తాగుతున్న మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ దారి శానా కష్టం మామా."

"నీకు తెలిసిన దారే గదా."

"పులులు ఉంటాయి."

"అప్పుడు లేవా?"

లోపల గిన్నెలు సర్దుతున్న ఉరుకుందమ్మ అందుకుంది. "అప్పుడు ఈయన్ను జూసి పక్కకు తొలిగినాయంట నాయినా. ఇప్పుడూ తొలుగుతాయిలే."

పెళ్ళయిన నాటి నుంచి భార్య తనను నమ్ముతోందో, ఎగతాళి చేస్తోందో దేవేంద్రప్పకు తేలలేదు. అడిగే ధైర్యమూ లేదు. ఎల్లుండి పోదామని ఒప్పుకున్నాడు.

మర్నాడు తువ్వాళ్ళు అమ్మే నెపంతో అడవి అంచున ఉన్న చెంచుగూడేనికి పోయాడు. అక్కడ అయ్యన్న అనే చెంచు ఉన్నాడు. కొండల్లో ఏ రాయి కింద ఏ తేలు కాపురముందో ఎరిగినవాడు. అతనితో దేవేంద్రప్ప ఏర్పాటు చేసుకున్నాడు. అయ్యన్న వీళ్ళకన్నా ముందు నడవాలి. దారి చీలిన ప్రతిచోటా కంపకు ఎర్రనూలు పోగు కట్టాలి. కంటికి మాత్రం కనబడకూడదు. అందుకు ప్రతిఫలం ఒక దుప్పటి.

"నేనే ముందు నడిసి సూపిస్తా గదా దేవేంద్రప్పా. ఈ దాగుడుమూతలు ఎందుకు?"

"అది నీకు తెలీదులే. నువ్వు కొండమనిషివి."

"అదీ నిజమే" అన్నాడు అయ్యన్న. "నాకు కొండ తెలుసు. మామ సంగతి తెలీదు."

నూలు ఇంట్లో పెట్టెలోనిదే. యుద్ధం రోజులు. నూలు కంట్రోలులో తప్ప దొరకదు, కంట్రోలులోనూ దొరకదు. అలాంటిది భార్య చూడకుండా చుట్టకట్టిన రెండు నూలు చిలపలు తీసి అయ్యన్న చేతిలో పెట్టాడు. పరువు ముందు నూలెంత అనుకున్నాడు.

బయల్దేరే పొద్దున ఉరుకుందమ్మ జొన్నరొట్టెల మూట నెత్తిన పెట్టుకుని, నీళ్ళ సొరబుర్ర భుజాన వేసుకుని వాకిట్లో నిలబడింది.

"నువ్వెందుకే?"

"మా నాయిన పోతాంటే నేను ఇంట్లో కూచోవాల్నా? నీ కొండలు నేనూ సూస్తా."

మొదటి కొండ వరకు దేవేంద్రప్ప వైభవమే వైభవం. దారి చీలిన చోటల్లా ఆగేవాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి సూర్యుణ్ణి చూసేవాడు. ఒక ఆకు నలిపి వాసన చూసేవాడు. తర్వాత ఎర్రపోగు ఎటుంటే అటు నడిచేవాడు.

"ఆకు వాసనతో దారి చెప్తాండాడే" అన్నాడు రామలింగప్ప కూతురితో.

"కూరలో ఉప్పు తక్కువైందో లేదో ఆ ముక్కుకు తెలీదు నాయినా" అంది ఉరుకుందమ్మ.

బోడికొండ పైకి చేరేసరికి దేవేంద్రప్ప కొలిమితిత్తిలా ఊగుతున్నాడు. ఆయాసమా అని మామ అడిగితే, కాదు, కొండగాలి ఎక్కువెక్కువ పీల్చుకోవాలి, మంచిది అన్నాడు. తర్వాత అరగంట సేపు అదే పని చేశాడు.

రెండో కొండ ఎద్దుమూపు. రామలింగప్ప చేతికర్ర బండకు ఆనించి కూర్చుంటే, ముగ్గురూ సీతాఫలాలు తిన్నారు. దేవేంద్రప్ప పక్కనున్న చెట్టును పట్టుకుని లేచాడు. అక్కడి నుంచి దిగడంలో వరస మారింది. ఉరుకుందమ్మ పేరులోనే ఉరుకు ఉంది. మూట నెత్తిన ఉన్నా ఆమె ముందుకు పోయింది. వెనక రామలింగప్ప. ఆ వెనక, చాలా వెనక, దారి చూపించేవాడు.

దారి చీలిన చోట ఆమె ఆగి, భర్త వచ్చేదాకా చూసి అడిగింది. "ఎటు పోవల్ల?"

దేవేంద్రప్ప సూర్యుణ్ణి చూశాడు. ఆకు నలిపాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఎర్రపోగు లేదు. ప్రతి కంపా పచ్చగా, అమాయకంగా నిలబడి ఉంది.

"ఎడం పక్క" అన్నాడు.

ఎడమపక్క దారి కాసేపటికి వాగైంది. వాగు కాసేపటికి ముళ్ళపొదైంది. పొదలో అతని పంచె సగం ఉండిపోయింది. మళ్ళీ రెండుసార్లు దారి చీలింది. మళ్ళీ పోగు లేదు. కడకు ఎదురుగా ఒక ఎత్తు కనబడితే, ఏదైతేనేం అని ఎక్కించేశాడు. పైకి చేరి రెండు చేతులూ చాచి, "ఇదే మూడోది మామా, నెమలిగట్టు" అన్నాడు.

రామలింగప్ప ఒక బండ మీద కూర్చుని చుట్టూ చూశాడు.

"అల్లుడా, ఎద్దుమూపు మీద నేను ఊంచిన సీతాఫలం గింజలు ఈడికెట్ల వచ్చినాయి?"

"పిట్టలు మోసుకొచ్చింటాయి మామా."

"నా చేతికర్ర ఆడ్నే మర్సిపోయింటి. దాన్ని గూడా పిట్టలే తెచ్చినాయా?"

కర్ర బండకు ఆనించి ఉంది. దేవేంద్రప్ప దాన్ని చూశాడు. అది కూడా తననే చూస్తున్నట్టనిపించింది.

ఉరుకుందమ్మ మూట దించి, కొంగు ముడి విప్పింది. అందులోంచి ఎర్రనూలు ఉండ ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవురో బుద్ధిలేనోడు బంగారట్లాంటి నూలు కంపలకు కట్టినాడు" అంది. "పోగు దొరకని కాలంలో. దారెంబడీ ఏరుకుంటా వస్తి."

దేవేంద్రప్ప ఉన్నచోటే కూర్చున్నాడు. "అన్నీ ఏరినావా?"

"ఇడుస్తానా? సూడు, మన ఇంటి అద్దకం మాదిరే ఉండాది." ఆమె పోగును వెలుగులో పెట్టి చూసింది. తర్వాత భర్త మొహం చూసింది. "మాదిరి గాదు. మన ఇంటిదే."

అతను జవాబు వెతుక్కుంటుండగా వెనక పొదలు కదిలాయి. నెమలిగట్టు మీద చూసి చూసి విసిగిన అయ్యన్న వెనక్కి వచ్చాడు. చెమట తుడుచుకుని, "దేవేంద్రప్పా, ప్రతి మలుపులోనూ నూలు కట్టినా గదా. సూడలేదా?" అన్నాడు.



"నేను ఈ కొండలు ఎప్పుడూ ఎక్కలేదు మామా" అన్నాడు దేవేంద్రప్ప నేల చూస్తూ. "ఒక్కటి గూడా." పన్నెండేళ్ళ బరువు దిగినట్టుంది గానీ, దిగిన చోట పాతాళం ఉన్నట్టుంది.

రామలింగప్ప కర్ర తీసుకుని లేచాడు. "రెండు అయినాయి. ఇంగా మూడు ఉండాయి. ఏమప్పా, నూలు కట్టినోడా, నువ్వు ముందు నడువు."

అలా నడిచారు. అయ్యన్న తొందరపెట్టలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గుక్కెడు నీళ్ళు తాగాలో, ఏ రాయి మీద కాలు పెట్టకూడదో చెబుతూ నడిపించాడు. దేవేంద్రప్ప ఎవరినీ ఏమీ నమ్మించాల్సిన పని లేక మొదటిసారి తన కాళ్ళ సంగతి తాను చూసుకున్నాడు. నెమలిగట్టు దాటారు. పెద్దగూబ మీద రొట్టెలు తిన్నారు. పొద్దు వాలుతుండగా చుక్కలకొండ ఎక్కారు.

పైనుంచి చూస్తే తాము దాటివచ్చిన నాలుగు కొండలూ నీలంగా, ఒకదాని వెనక ఒకటి పడుకున్న ఎద్దుల్లా ఉన్నాయి. పడమట మైదానం ఎండలో ఆరేసిన కొత్త చీరలా ఉంది. ఎంత అబద్ధం ఆడినా ఇంత బాగా ఎప్పుడూ ఆడలేకపోయానే అనిపించింది దేవేంద్రప్పకు. జరిగి మామ పక్కన కూర్చున్నాడు.

"కొండలెక్కే మొనగాడనే గదా నాకు పిల్లనిచ్చినావు మామా. మోసం చేస్తి."

రామలింగప్ప నవ్వాడు. "కొండలెక్కుతాడని ఎవురన్నా పిల్లనిస్తారా? పెండ్లికి ముందు నేను ఆ సర్వేవాళ్ళ కాడ ఇచారించినా. దేవేంద్రప్ప కొండెక్కలేదు, నలభై మందికి వంట చేసినాడు అన్నారు. ఆ చేతి పప్పు, ఆ రొట్టెలు మళ్ళా యాడా తినలేదన్నారు. ఇట్లాంటోని ఇంట్లో నా బిడ్డ పస్తుండదు అనుకుంటి. అందుకే ఇచ్చినా."

రొట్టె తునక నములుతున్న ఉరుకుందమ్మ దవడ ఆగిపోయింది.

"వంటనా?" అంది నెమ్మదిగా. "జరమొచ్చి నేను పడుకున్న దినం గూడా పొయ్యి ఎట్ల అంటియ్యాల్నో తెలీదంటివే."

దేవేంద్రప్ప సాయం కోసం అయ్యన్న వైపు చూశాడు. అయ్యన్న ఆకాశంలో ఏదో గద్దను చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. అక్కడ గద్ద లేదు.

"దిగే దారి యాడప్పా?" అన్నాడు దేవేంద్రప్ప.

ఇల్లు చేరిన మర్నాడు పొద్దున పొయ్యి ముందు అతనే కూర్చున్నాడు. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. మొదటి రొట్టెను పెనం మీద వేసి, వాసన వీధి చివరిదాకా పోయేవరకు తియ్యలేదు. బొగ్గులా మాడ్చి, దిగులు మొహంతో భార్యకు చూపించాడు. "సూస్తివా, నా చేతికి రాదే ఈ పని."

రామలింగప్ప అరుగు మీద నుంచే అన్నాడు. "ఏం పర్వాలేదమ్మా. డేరాల కాడ గూడా మొదటిది ఎప్పుడూ మాడుస్తా ఉండెనంట. రెండో దాని నుంచి సూడాల్లంట."

ఉరుకుందమ్మ పీట వాల్చుకుని, కంచం ముందుకు జరిపింది.

"రెండోది నాకెయ్."