పచ్చ బొత్తాం

అత్తగారి మొక్కల నిఘంటువు ఆ మధ్యాహ్నం పన్నెండుకల్లా అచ్చుకు వెళ్ళాలి. తొమ్మిదేళ్ళ కష్టం. దానికి తనవంతు సాయంగా అల్లుడు పొద్దున్నే కంప్యూటర్లో ఒక పచ్చ బొత్తాం ఏర్పాటు చేశాడు. నొక్కితే, పుస్తకం ఆ క్షణాన ఎలా ఉంటే అలా ఒక నకలు తయారవుతుంది. వాళ్ళ ఆఫీసు భాషలో స్నాప్‌షాట్. ఎప్పుడూ తాజావి ఏడే ఉంటాయి. కొత్తది చేరితే పాతది ఒకటి దానంతటదే చెరిగిపోతుంది. ముందుజాగ్రత్తగా తనే ఏడూ తీసిపెట్టాడు.

"ఇక నిశ్చింతగా ఉండండి అత్తయ్యగారూ. నకళ్ళన్నీ లోపల భద్రం. ఈ బొత్తాం నొక్కితే చాలు."

"ముందు వంటింటి షెల్ఫుకి రెండో స్క్రూ బిగించండి," అంది కూతురు, అంటే అతగాడి భార్య. "మీరు మొదలెట్టని పనీ లేదు, పూర్తిచేసిన పనీ లేదు." అల్లుడు విననట్టు స్నానానికి వెళ్ళాడు.

పది నిమిషాలకి అత్తగారి వేలు ఎక్కడో తగిలింది. 'ప' నుంచి చివరిదాకా మొక్కలన్నీ మాయం. కంగారులో ఆవిడ దాన్ని అలాగే సేవ్ కూడా చేసేశారు. బొత్తాం నొక్కితే పోయినవి తిరిగొస్తాయని ఆవిడ నమ్మకం. నొక్కారు. రాలేదు. మళ్ళీ నొక్కారు.

"నీకు చేతకాదు, లే," అంటూ మామగారు కుర్చీలో కూలబడి మూడుసార్లు నొక్కారు. "అలా కాదు నాన్నా," అంటూ కూతురు తనూ ఒకసారి నొక్కింది.

గొడవ విని అల్లుడు తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు. తెర చూసి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కో నొక్కుకీ సగం పుస్తకం లోపలికి, నిండు పుస్తకం బయటికి. ఆరు పోయాయి. నిండుది ఒక్కటే మిగిలింది.

"ఎవరూ ముట్టుకోకండి!"

ఆ కేకకి మామగారు ఉలిక్కిపడ్డారు. మౌసు మీదున్న వేలు కాస్తా దిగింది. 'పాత నకలు తొలగించబడింది' అని తెర మీద ఏడో వరుస వెలిగింది.

అత్తగారు ఏడవలేదు. "తొమ్మిదేళ్ళు," అన్నారంతే. అల్లుడు నకళ్ళ ఫోల్డరు తెరిచాడు. ఏడు ఉండాలి. పద్నాలుగు ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ముందు పరీక్షించుకుందామని, నిజంగా చెరపకుండా చెరిపినట్టు తెర మీద రాయమని మాత్రమే కంప్యూటర్‌కి చెప్పాడు. పరీక్షయ్యాక ఆ మాట మార్చాలి. మార్చలేదు.

పన్నెండుకి పది నిమిషాల ముందు నిండు పుస్తకం అచ్చుకు వెళ్ళిపోయింది.

"మీరు జన్మలో ఏ పనీ పూర్తిచెయ్యకండి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు, ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటూ.

వంటింటి షెల్ఫు ఈనాటికీ ఒక్క స్క్రూ మీదే ఉంది.